తోలు బూట్లు వానకు ఆగాలంటే

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డ్యూటీ, రోజూ బండి మీద రాకపోకలు, పోయినేడు 5,800 పెట్టి కొన్న తోలు బూట్లు. నెలకోసారి కొబ్బరినూనె పట్టించావు. తడిసినప్పుడల్లా గ్యాస్ పొయ్యి పక్కన పెట్టి ఆరబెట్టావు. ఇప్పుడు పైన తెల్లగా పొర కడుతోంది, వేళ్లు మడిచే చోట పగుళ్లు వచ్చాయి, ఎడమ బూటులోకి పక్క నుంచి నీళ్లు వస్తున్నాయి. ఏదో వీడియోలో చూసినట్టు కొవ్వొత్తి కరిగించి, హెయిర్ డ్రయ్యర్‌తో పట్టిస్తే వాటర్‌ప్రూఫ్ అవుతుందా అని అడిగావు.

కాదు. పైగా ఉన్న బూట్లు కూడా చెడతాయి. ఎందుకో చెప్తా, కొంచెం ఓపిగ్గా చదువు.

కాజీపేటలో నాది చెప్పులు, బూట్లు బాగుచేసే దుకాణం. ముప్పై ఏళ్లు దాటింది. రైల్వే ట్రాక్ మీద పనిచేసేవాళ్లు, గనుల్లో పనిచేసేవాళ్లు, అడవి డ్యూటీ చేసేవాళ్లు తెచ్చిన బూట్లు వేలల్లో చూసి ఉంటాను. వానకు తడిసి పాడైన బూట్లని తెస్తారు గానీ, అందులో సగానికి పైగా తడిసి పాడైనవి కావు. ఆరబెట్టడంలో పాడైనవి.

తోలంటే ఎంతైనా చర్మమే. మా తాతల కాలంలో పచ్చి చర్మాన్ని సున్నంలో నానబెట్టి, వెంట్రుక తీసి, తంగేడు చెక్క, కరక్కాయ వేసిన నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి పదును చేసేవాళ్లు. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు అందరికీ తెలుసు. దాని బెరడుతో తోలు తయారయ్యేదని మా మనవళ్లకు చెప్తే నమ్మరు. ఇప్పుడు బజారులో దొరికే బూట్లలో ఎక్కువ భాగం క్రోమియం లవణాలతో పదును చేసినవే. ఏ పద్ధతిలో చేసినా చివర్లో తోలుకు నూనె పట్టిస్తారు. తోలు లోపలంతా సన్నటి పోగులు, చిక్కు పడ్డ దారాల్లా ఉంటాయి. నువ్వు అడుగు వేసి పాదం మడిచిన ప్రతిసారీ ఆ పోగులు ఒకదాని మీద ఒకటి జారాలి. నూనె ఉంటే జారతాయి. లేకపోతే రాసుకుని, తెగి, పైకి పగులుగా కనిపిస్తాయి.

తోలు తడిసి ఆరిన ప్రతిసారీ లోపలి నూనె కొంత తగ్గుతుంది. నెమ్మదిగా ఆరితే పెద్ద నష్టం లేదు, మళ్లీ కొంచెం నూనె పెడితే సరిపోతుంది. పొయ్యి పక్కన గబగబా ఆరితే మాత్రం పోగులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, తోలు ముడుచుకుంటుంది. పొడి తోలు ఓర్చుకునే వేడిని తడి తోలు ఓర్చుకోదు. ఈ ఒక్క సంగతి నాకు ఇరవై ఏళ్లప్పుడు తెలిసి ఉంటే ఒక జత బూట్ల డబ్బు మా నాయన కట్టాల్సి వచ్చేది కాదు. మే నెల, రేకుల షెడ్డు. ఒకాయన బురదలో నానిన బూట్లు ఇచ్చి సాయంత్రానికి కావాలన్నాడు. నేను తెలివి చూపించి కడిగి, రేకుల మీద ఎండలో పెట్టాను. మూడు గంటలకు దించి చూస్తే ముందు భాగం అట్టలా బిగుసుకుపోయింది, నాలుక అప్పడంలా వంకర తిరిగింది, మడమ దగ్గర సోల్ నోరు తెరిచింది. నాయన బూటు చేతిలోకి తీసుకుని వంచబోతే టక్కున చప్పుడైంది. నన్నేమీ అనలేదు. ఆయనకు డబ్బులిచ్చి పంపి, ‘తోలు నీడన ఆరాలె బిడ్డా’ అన్నాడు. అంతే.

ఇప్పుడు నీ బూట్ల దగ్గరికి వద్దాం. నువ్వు చెప్పినవి మూడు వేర్వేరు జబ్బులు. ఒకే మందు కుదరదు.

ముందు అది అసలు తోలేనా చూడు. ఆ ధరకు తోలే అయ్యుంటుంది, కానీ ఎలాంటి తోలు అన్నది ముఖ్యం. బూటు బాగా తుడిచి, పక్క భాగంలో ఒక్క చుక్క నీళ్లు వేసి కాసేపు ఆగు. చుక్క చుట్టూ రంగు నల్లబడి, మెల్లగా లోపలికి ఇంకితే నూనె తీసుకునే తోలు. చుక్క పూసలా అలాగే కూర్చుని, పావుగంట తర్వాత తుడిచినా మచ్చ లేకపోతే పైన ప్లాస్టిక్ లాంటి పూత ఉన్నట్టు. సేఫ్టీ బూట్లలో చాలా వాటికి ఇదే ఉంటుంది. తోలును గీకి సమం చేసి, రంగు పూత వేసి, పైన గింజల అచ్చు కొడతారు. మా వాడుకలో బార్టన్ ప్రింట్ అంటాం. అలాంటి దానికి ఎంత నూనె పూసినా పైనే నిలిచి జిడ్డు కట్టి దుమ్ము పడుతుంది. ఓపెన్‌కాస్ట్‌లో దుమ్ముకు కొదవ లేదు కదా. దానికి తడిగుడ్డ, పాలిష్ చాలు. నూనె అవసరం పగుళ్లు మొదలైన చోట, కుట్ల దగ్గర మాత్రమే. నీ బూట్లకు పగుళ్లు వచ్చాయంటే అక్కడ పూత తెగిందన్నమాట, ఆ చోట నూనె లోపలికి పోతుంది. గరుకుగా, నూగుతో ఉండే స్వెడ్, నూబక్ బూట్లయితే ఈ నూనెల కథ అసలు వద్దు, నూగు అణిగిపోయి నల్లబడతాయి. వాటికి స్ప్రేలు వేరే ఉన్నాయి.

తెల్ల పొర సంగతి. ఇది ఎక్కువగా రెండు రకాలు. ఒకటి బూజు, రెండోది కొబ్బరినూనే. నవ్వకు, నిజమే. చలికాలంలో మనింట్లో కొబ్బరినూనె సీసా గడ్డకడుతుంది కదా, 24, 25 డిగ్రీల కింద అది పేరుకుంటుంది. తోలులో ఎక్కువైన నూనె కూడా అలాగే పైకి తేలి తెల్లగా పేరుకుంటుంది. గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డను ఆ తెల్లదనం మీద అరనిమిషం అదిమి పెట్టు. కరిగి మాయమైతే నూనె. మాయం కాకుండా నూగులా గుడ్డకు అంటి, ముక్కు దగ్గర పెడితే పాత గోనెసంచి వాసన వస్తే బూజు. ఈ రెండూ కాక కుట్ల వెంట గీతలా ఉప్పు మచ్చ ఉంటే అది చెమటది కావచ్చు.

నూనె అయితే పొడిగుడ్డతో తుడిచెయ్, అయిపోయింది. బూజు అయితే పని ఉంది. లేసులు తీసి, లోపలి అట్ట బయటికి తీసి, ఇంటి బయట పాత టూత్‌బ్రష్‌తో దులుపు. ఇంట్లో దులిపితే ఆ ధూళి మిగతా చెప్పులకు పడుతుంది. తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి, గుడ్డ తడిపి పిండి, లోపలా బయటా తుడువు. ఉప్పు మచ్చలకు కూడా ఇదే మందు. ఆ తర్వాత నీడలో, ఫ్యాన్ గాలికి ఒక రోజంతా ఆరనివ్వు. బూజు ఉండగానే నూనె పూయకు. అలా పూసి, ‘నెల తిరక్కముందే మళ్లీ వచ్చిందన్నా’ అని నా దగ్గరికి వచ్చేవాళ్లు ప్రతి వానాకాలం ఉంటారు. కర్పూరం, నాఫ్తలీన్ గోళీలు బూటులో వేయడం కూడా చూస్తుంటాను. వాసన మారుతుందే తప్ప తేమ పోదు, తేమ పోకపోతే బూజు ఆగదు.

కడగడానికి బట్టల సబ్బు, సర్ఫ్ వాడొద్దు. అవి క్షారం, తోలు స్వభావం కాస్త ఆమ్లం వైపు ఉంటుంది, రెండింటికీ పడదు. లోపలి నూనెను కూడా లాగేస్తాయి. మగ్గు నీళ్లలో చెంచాడు చిన్నపిల్లల షాంపూ చాలు. మన రేగడి బురద ఎండిపోయాక తట్టితే పెళ్లలుగా ఊడుతుంది, ముందు దాన్ని కర్రముక్కతో గీరి, తర్వాత తడిగుడ్డ వాడు. మొత్తం బకెట్లో ముంచాల్సిన పని లేదు.

ఇక నూనె. మీ అమ్మ కొబ్బరినూనె అనడం, మీ మామ ఆవనూనె అనడం రెండూ పెద్దవాళ్ల ప్రేమే గానీ, తోలుకు ఏ నూనె పడుతుందో చూడాలి. నూనెల్లో కొన్ని గాలికి ఎండి పొరలా గట్టిపడతాయి. అవిసె నూనె అలాంటిది, అందుకే రంగుల్లో కలుపుతారు. బూటుకు పూస్తే కొన్నాళ్లకు చెక్కలా చేస్తుంది. పొద్దుతిరుగుడు నూనె అంత కాకపోయినా జిగురు పడుతుంది. ఆవనూనె వాసన వారం పోదు. కొబ్బరినూనె చెడ్డది కాదు, తోలును మెత్తగా చేస్తుంది, కానీ నువ్వు చేసినట్టు నెలనెలా దండిగా పడితే తోలు పీచు వదులై, బూటు ఆకారం పోయి, సాగిపోతుంది. కుట్ల సందులోంచి దిగి సోల్ అతికించిన జిగురును కూడా మెత్తబరుస్తుంది. నీ ఎడమ బూటు కథ అదే అని నా అనుమానం.

మన దగ్గర కిర్రు చెప్పులకు ఆముదం పెట్టేవాళ్లు. అది గాలికి ఎండదు, చలికి పేరుకోదు. చిక్కగా ఉంటుంది కాబట్టి ఒక్కసారిగా లోపలికి దూరిపోదు కూడా. మా నాయన డబ్బాలో ఎప్పుడూ ఆముదమే. దాని లోపమల్లా జిడ్డు, ఎక్కువైతే దుమ్ము పట్టేస్తుంది. ఆన్‌లైన్‌లో నీట్స్‌ఫుట్ ఆయిల్ అని దొరుకుతుంది. పశువుల కాలి ఎముకల నుంచి తీసేది, గుర్రపు జీనులకు తరాలుగా వాడుతున్నారు. స్వచ్ఛమైనది దొరికితే అదే నా మొదటి మాట. లేకపోతే ఆముదంతో పని నడుస్తుంది.

పట్టించే తీరు చూడు. బూటు పూర్తిగా తడిగా ఉండకూడదు, ఎముకలా ఎండిపోయి కూడా ఉండకూడదు. చేత్తో తాకితే చల్లగా తగలాలి, తడి అంటకూడదు. పాత బనియన్ గుడ్డ వేలికి చుట్టుకో. దాని మీద పల్లీ గింజంత నూనె, అంతే. గుండ్రంగా తిప్పుతూ ఒక అరచేతి మేర పులుము. మళ్లీ పల్లీ గింజంత. మడత పడే చోట, నాలుక కుట్టిన దగ్గర కొంచెం ఎక్కువ రుద్దు. ఒక్కో బూటుకు చెంచాడు నూనె దాటకూడదు. రాత్రంతా వదిలేసి పొద్దున చూడు. ఎక్కడైనా మళ్లీ వెలవెలబోయి పొడిగా కనిపిస్తే అక్కడే ఇంకోసారి. మిగతా చోట పొడిగుడ్డతో తుడిచెయ్. తుడిచిన గుడ్డకు నూనె బాగా అంటుకుంటే ఎక్కువ పెట్టావని లెక్క. రంగు ఒక ఛాయ ముదురుతుంది, లేత గోధుమరంగు బూట్లయితే ముందు నాలుక లోపల పరీక్షించుకో. రోజూ తొడిగే బూట్లకు వానాకాలంలో మూడు వారాలకోసారి, మిగతా కాలంలో రెండు మూడు నెలలకోసారి సరిపోతుంది.

పగుళ్ల గురించి అబద్ధం చెప్పను. తెగిన పోగు మళ్లీ అతకదు. నూనె పెడితే పగులు ఇక ముందుకు సాగకుండా ఆగుతుంది, అంతవరకే. గోరు పెట్టి గీస్తే పగులులో గోరు దిగకపోతే ఆ బూటు ఇంకా రెండు వానాకాలాలు చూస్తుంది. గోరు దిగితే లోపలి నుంచి పలచటి తోలు ముక్క అతికించి కుట్టించాలి.

ఇప్పుడు నువ్వు అడిగిన అసలు సంగతి, నీళ్లు ఆగడం. నూనె తోలుకు తిండి, మైనం దానికి గొడుగు. రెండూ ఒకటి కాదు. కొవ్వొత్తి ఎందుకు వద్దన్నానంటే, మన బజారు కొవ్వొత్తి పారాఫిన్. వంచితే పుటుక్కున విరుగుతుంది. బూటు మీద పూసి నాలుగడుగులు వేస్తే మడత దగ్గర పొలుసులుగా లేచిపోతుంది. తేనెతుట్టె మైనం అలా కాదు, చేతి వెచ్చదనానికి మెత్తబడి వంగుతుంది. కొనేటప్పుడు పరీక్ష కూడా అదే, చిన్న ముక్క వేళ్ల మధ్య పిసుకు. సాగితే మైనం, పొడిపొడిగా రాలితే అందులో పారాఫిన్ కలిసింది. నేను ఏటూరునాగారం వైపు తేనె తీసేవాళ్ల దగ్గర తెప్పించుకుంటా. తుట్టె పిండిన తర్వాత మిగిలేది కాబట్టి కరిగించి, పలచటి గుడ్డలో వడకట్టుకోవాలి.

20 గ్రాముల మైనానికి 60 గ్రాముల ఆముదమో నీట్స్‌ఫుట్ నూనెనో తీసుకో. ఒక గిన్నెలో నీళ్లు కాచి, అందులో ఇంకో చిన్న స్టీలు గిన్నె పెట్టి, మైనం వేసి కరగనివ్వు. 62, 64 డిగ్రీలకే కరుగుతుంది, నీళ్లు మరగాల్సిన పని కూడా లేదు. నేరుగా మంట మీద పెట్టకు, అంటుకుంటుంది. కరిగాక నూనె పోసి కలిపి, పాత పాలిష్ డబ్బాలో పోసి చల్లారనివ్వు. చలికాలంలో మరీ గట్టిగా ఉంటే నూనె ఇంకో 20 గ్రాములు పెంచు. కొంతమంది టర్పెంటైన్ కలుపుతారు, పొయ్యి దగ్గర దాని జోలికి పోవద్దు.

నూనె పెట్టిన మర్నాడు ఈ లేపనం. వేలితోనే తీసుకో, వేలి వేడికే మెత్తబడుతుంది. కుట్లు, నాలుక రెండు పక్కల మడతలు, పైతోలు సోల్‌ను కలిసే గీత, ఈ మూడు చోట్ల టూత్‌బ్రష్‌తో దట్టించు. మిగతా బూటంతా పలచగా చాలు. హెయిర్ డ్రయ్యర్ వాడాలనిపిస్తే తక్కువ వేడి మీద, జానెడు దూరంలో, ఎక్కడా ఆపకుండా తిప్పుతూ వాడు. నీ ఇంకో చెయ్యి బూటు మీదే ఉంచు. చెయ్యి ఓర్చుకోలేని వేడి తోలుకూ వద్దు. అరగంట తర్వాత బ్రష్ కొట్టు. సోల్ కింద అంటుకుంటే తుడిచెయ్, తడి మెట్ల మీద జారతావు. వెల్డింగ్ దగ్గర, నిప్పురవ్వలు పడే చోట పనిచేసేవాళ్లు మాత్రం ఈ నూనె, మైనం పూసిన బూట్లు వేసుకోవద్దు, రవ్వ పడితే అంటుకోవచ్చు.

ఇంత చేసినా బూటు గంబూటు కాదు. బండి మీద వాన, తడి గడ్డి, అడపాదడపా నీటిగుంట, ఇవి తట్టుకుంటుంది. మడమ మునిగే నీళ్లలో గంటసేపు నిలబడితే ఏ తోలైనా తడుస్తుంది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 65 సెంటీమీటర్ల వాన పడిందే, మీ మోరంచపల్లి మునిగిందే, ఆ వారం నా దుకాణం ముందు బూట్ల కుప్ప చూస్తే ఏ మైనం గురించి మాట్లాడాలనీ అనిపించలేదు. అప్పుడూ నేను చేసింది ఒక్కటే. బురద కడిగి, పాత పేపర్లు ఉండలు చుట్టి లోపల కుక్కి, రెండు గంటలకోసారి పేపర్లు మార్చి, ఫ్యాన్ కింద వరసగా పడుకోబెట్టడం. మూడు రోజులు పట్టింది. చాలా జతలు మళ్లీ నడిచాయి. నువ్వూ తడిసి వచ్చిన రోజు అదే చెయ్, పొయ్యి మాట మర్చిపో. పేపర్ మరీ బిగించి కుక్కకు, తోలు సాగుతుంది. నీకు వీలైతే రెండో జత పెట్టుకుని రోజు మార్చి రోజు వేసుకో, లోపలి చెమట తడి ఒక్క రాత్రిలో ఆరదు.

ఎడమ బూటు కారడం మాత్రం నూనెతో, మైనంతో పోయేది కాదని నా నమ్మకం. పక్క నుంచి అన్నావు కదా. ఇలా పరీక్షించు. లోపల పొడి పేపరు పరిచి, టబ్బులో రెండంగుళాల నీళ్లు పోసి, బూటును పది నిమిషాలు నిలబెట్టు. పేపరు బయటికి తీసి ఎక్కడ తడిసిందో చూడు. అంచు వెంట గీతలా తడిస్తే సోల్ అతుకు వదిలింది. ఒకచోట చుక్కలా తడిస్తే అక్కడ కుట్టు తెగింది లేదా పగులు ఆర్పార్ అయింది. అతుకు వదిలితే మీ ఊళ్లోనే చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లు. పాత జిగురు గీరేసి, ఉప్పు కాగితంతో రుద్ది, నూనె జిడ్డు పూర్తిగా పోయాకే కొత్త జిగురు రెండు వైపులా పూసి, పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, అప్పుడు అదమాలి. పూసిన వెంటనే అతికిస్తే వారం కూడా ఆగదు. పక్కన నిలబడి చూడు, మొహమాటపడకు. తర్వాత మైనం పట్టించిన నైలాన్ దారంతో చుట్టూ కుట్టు వేయమను.

ఒక మాట, సోల్‌ను గోరుతో నొక్కి చూడు. మెత్తటి తేలికైన పీయూ (పాలియురేతేన్ అనే ప్లాస్టిక్) సోల్ అయితే, వాడకుండా బీరువాలో పెట్టినా గాలిలోని తేమకే కొన్నేళ్లకు రస్కులా పొడి అయిపోతుంది. అలా రాలుతుంటే పైతోలు ఎంత బాగున్నా అతికించే పని దండగ, సోల్ మొత్తం మార్పించాలి.

ముందు టబ్బు పరీక్ష చేసి, పేపరు ఎక్కడ తడిసిందో చెప్పు. దాన్నిబట్టి కుట్టా, జిగురా చూద్దాం. అప్పటిదాకా ఆ బూటుకు నూనె పెట్టకు, జిడ్డు మీద జిగురు పట్టదు.